లైసెన్సు కార్డుకు కొత్త హంగులు.. తనిఖీకి పాత కళ్లే

విజయవాడలో బయలుదేరిన లారీ గరికపాడు చెక్‌పోస్టు దాటి హైదరాబాద్ చేరేలోగా డ్రైవరు జేబులోని లైసెన్సు ఎన్నిసార్లు బయటకు వస్తుందో చెప్పలేము. వచ్చిన ప్రతిసారీ తనిఖీ చేసేవారు చూసేది మూడు అంశాలే. ఫొటోలో ఉన్నది ఎదుట నిలబడిన మనిషేనా, గడువు మిగిలి ఉందా, ఆ తరగతి వాహనం నడిపే అర్హత రాసి ఉందా. కార్డును వెలుతురుకు వంచి హోలోగ్రామ్ చూసేవారు అరుదు. భూతద్దం పెట్టి సూక్ష్మాక్షరాలు చదివేవారు అంతకన్నా అరుదు. అయినప్పటికీ గత మూడున్నర దశాబ్దాలలో మన డ్రైవింగ్ లైసెన్సుకు జోడించిన హంగులలో అత్యధికం అలాంటి చూపు కోసం ఉద్దేశించినవే.

కార్డు రూపం మారినప్పుడల్లా ఇక నకిలీలకు కాలం చెల్లినట్లేనని ప్రభుత్వాలు ప్రకటించడం పరిపాటి. దేశంలోని లైసెన్సులలో 30 శాతం దాకా బోగస్‌వేనని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ స్వయంగా పలు సందర్భాలలో పేర్కొన్న విషయం విదితమే. అది కచ్చితమైన గణన కాకపోవచ్చు. కానీ శాఖాధిపతి నోటి నుంచే ఆ మాట వెలువడిందంటే, లోపం ప్లాస్టిక్ నాణ్యతకు పరిమితమైనది కాదని గ్రహించవచ్చు.

పుస్తకానికి జ్ఞాపకం ఉండేది

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు లైసెన్సుకు రెండు రూపాలు నిర్దేశించాయి. ఆరో నమూనా పుస్తకం, ఏడో నమూనా కార్డు. కార్డు ముద్రించే యంత్ర సామగ్రి ఉన్నచోట కార్డు, లేనిచోట పుస్తకం. అందువల్ల ఒకే కాలంలో ఒక ఊరివారికి చేతిరాత పుస్తకం, మరో ఊరివారికి ప్లాస్టిక్ పూత వేసిన కార్డు దక్కాయి. ఒకే చట్టం కింద ఒకే అర్హతతో పొందిన పత్రాలు చూపునకు మాత్రం వేర్వేరు దేశాలవిగా కనిపించేవి.

ఆ పుస్తకంలోని భద్రతా ఏర్పాట్లు నేటి దృష్టికి అమాయకంగా తోచవచ్చు. అతికించిన ఫొటోపై సగం, కాగితంపై సగం పడేలా కార్యాలయ ముద్ర, అధికారి సంతకం, చేతిరాతతో నింపిన వివరాలు. ఫొటో ఊడదీసి మరొకటి అతికిస్తే ముద్ర కలవదు. అదొక్కటే రక్ష. రబ్బరు స్టాంపు చెక్కించగలిగిన మోసగాడికి ఆ రక్ష అడ్డే కాదు.

అయితే పుస్తకంలో ఒక సుగుణం ఉండేది. నేరం రుజువైనప్పుడు ఆ సంగతి నమోదు చేయడానికి, రెన్యువల్ వివరాలు రాయడానికి అందులో పేజీలు ఉండేవి. డ్రైవరు గతం అతని జేబులోనే ఉండేది. కార్డు వచ్చాక ఆ పేజీలు పోయాయి. అందంగా మెరిసే ప్లాస్టిక్ ముక్కకు జ్ఞాపకశక్తి లేదు. ఒక జిల్లాలో లైసెన్సు సస్పెండైన వ్యక్తి మరో జిల్లాలోనో, మరో రాష్ట్రంలోనో కొత్తది తీసుకుంటే పట్టుకోవడానికి చాలా కాలం దారి లేకపోయింది. ఒకరికి ఒక లైసెన్సే ఉండాలని చట్టం ఆరో సెక్షన్ చెబుతున్నా, రెండోది ఉందో లేదో ఒక కార్యాలయానికి మరో కార్యాలయం చెప్పుకొనే ఏర్పాటు ఉండేది కాదు. ఈ ఖాళీ తిరిగి నిండింది 2020 అక్టోబర్ 1న అమలైన నిబంధనలతోనే. అనర్హత వేటు పడిన, రద్దయిన లైసెన్సుల వివరాలను పోర్టల్‌లో కాలక్రమంలో నమోదు చేయాలని అవి ఆదేశించాయి. అంటే పుస్తకంలోని ఆ పేజీలు కంప్యూటరులోకి వెళ్లాయి.

చిప్ ఉంది.. చదివే యంత్రం లేదు

నకిలీల బెడదకు తిరుగులేని మందుగా 2002లో స్మార్ట్‌కార్డు రంగప్రవేశం చేసింది. ఏ కంపెనీ తయారుచేసిన కార్డునైనా ఏ రాష్ట్రంలోనైనా చదవగలగాలన్న సదుద్దేశంతో జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, కాన్పూర్ ఐఐటీ కలిసి స్కోస్టా పేరిట ఒక ప్రమాణాన్ని రూపొందించాయి. చిప్‌లో వివరాలుంటాయి, వాటిని దిద్దడానికి అధికారిక తాళం కావాలి, కనుక దొంగ కార్డు తయారుచేయడం అసాధ్యమన్నది సిద్ధాంతం. సిద్ధాంతం సరైనదే.

ఆచరణలో జరిగింది వేరు. 2021లో ఢిల్లీ ప్రభుత్వం చిప్‌ను విడిచి క్యూఆర్ కోడ్ కార్డులకు మారుతూ చెప్పిన కారణాలు ఈ ప్రయోగంపై తీర్పు వంటివి. చిప్‌లోని సమాచారం చదవడంలో ఇబ్బందులున్నాయని, ట్రాఫిక్ పోలీసుల వద్ద గానీ రవాణా శాఖ తనిఖీ విభాగం వద్ద గానీ కావలసినన్ని రీడర్ యంత్రాలు లేవని ఆ ప్రభుత్వం అంగీకరించింది. ఆయా రాష్ట్రాలు ఎవరికి వారు చిప్‌లు రూపొందించుకోవడంతో ఒకచోటి కార్డు మరోచోట చదవడం కష్టమైందని కూడా తెలిపింది. దేశ రాజధానిలోనే రీడర్లకు కొరత ఉంటే మారుమూల మండలంలోని పోలీసు ఔట్‌పోస్టులో పరిస్థితి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. చిప్ ఖరీదు ప్రజలు ఫీజు రూపంలో చెల్లించారు. ఆ చిప్ చేసిన పని మాత్రం చాలాచోట్ల బంగారు రంగులో మెరవడమే.

నోటును తలపించే కార్డు

2019 మార్చిలో కేంద్రం నిబంధనలను సవరించి, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి దేశమంతటా ఒకే తీరు కార్డు ఉండాలని నిర్ణయించింది. ఏ వివరం ఏ మూల ఉండాలో కూడా అందులోనే ఖరారైంది. బ్లడ్ గ్రూపు, అత్యవసర సమయంలో పిలవవలసిన నంబరు, అవయవదానానికి అంగీకారం వంటివి కార్డులో చోటుచేసుకున్నాయి. లైసెన్సు సంఖ్యకూ ఒక క్రమం ఉంది. రాష్ట్రానికి రెండక్షరాలు, కార్యాలయానికి రెండంకెలు, జారీచేసిన సంవత్సరానికి నాలుగు, ఆపై వరుస సంఖ్యకు ఏడు అంకెలు. డీఎల్ఎఫ్ఏపీ, డీఎల్ఆర్ఏపీ అంటూ మొదలయ్యే ఉమ్మడి రాష్ట్రపు పాత సంఖ్యలు చూసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక భద్రతా చిహ్నాల విషయానికొస్తే అవి దాదాపు కరెన్సీ నోటు నుంచి అరువు తెచ్చుకున్నవే. నేపథ్యంలో పెనవేసుకున్న సన్నని గీతల అల్లిక ఉంటుంది. రంగుల జిరాక్సు యంత్రం దానిని యథాతథంగా పట్టుకోలేక చుక్కలుగా మార్చేస్తుంది. కంటికి గీతలా కనిపించే చోట నిజానికి అతి చిన్న అక్షరాలుంటాయి. నకలు తీస్తే అవి అలుక్కుపోయి ఉత్త గీతే మిగులుతుంది. అతినీల లోహిత కాంతిలో మాత్రమే వెలిగే రంగులు మూడో రకం. బ్యాంకు క్యాష్ కౌంటరులో నీలం దీపం కింద నోటు పెట్టి చూసేది దీనికోసమే. వంచినప్పుడు మారే హోలోగ్రామ్, కాంతికి ఎదురుగా పెడితే కనిపించే నీటిగుర్తు మిగిలినవి. కొన్ని రాష్ట్రాలు రంగు మారే సిరానూ వాడుతున్నాయి. 500 రూపాయల నోటులోని దారం వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారడం చూసినవారికి ఆ సిరా సంగతి సులభంగా అర్థమవుతుంది.

నోటుకూ కార్డుకూ ఇక్కడే పెద్ద భేదం ఉంది. నోటు రోజుకు పది చేతులు మారుతుంది. అసలు నోటు స్పర్శ ఎలా ఉంటుందో కూరగాయల బండివారికి సైతం తెలుసు. లైసెన్సు ఏడాదికి రెండుమూడు సార్లు బయటకు వస్తే ఎక్కువ. పైగా రాష్ట్రానికొక తీరుగా ఇరవై ఏళ్లపాటు జారీ అయిన పాత కార్డులు ఇంకా చెల్లుబాటులోనే ఉన్నాయి. బీహార్‌లో 2010లో ఇచ్చిన అసలు కార్డు ఎలా ఉంటుందో జగ్గయ్యపేట కానిస్టేబుల్‌కు తెలియాలని ఆశించడం న్యాయం కాదు. అసలు తెలియనివారు నకిలీని ఎలా పోల్చుకోగలరు?

ఈ హంగులకు ఖర్చుంది. కేరళ ఏళ్ల తరబడి లామినేషన్ కాగితంతోనే సరిపెట్టుకుని, 2023 ఏప్రిల్‌లో ఏడు భద్రతా చిహ్నాలున్న కొత్త కార్డుకు మారింది. అదే ఏడాది చివరికి ముద్రణ సంస్థకు బకాయిలు పేరుకుపోయి కార్డుల తయారీ నిలిచిపోయింది. పరీక్షలో నెగ్గినవారు నెలల తరబడి కార్డు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 2024లో ఆ రాష్ట్రమే డిజిటల్ లైసెన్సు వైపు మొగ్గింది. ఏడు చిహ్నాల కార్డు ముచ్చట రెండేళ్లు కూడా నిండకముందే విధానం మారిపోవడం గమనార్హం.

జేబులోంచి ఫోన్‌లోకి

ఈ మార్గంలో తెలుగు రాష్ట్రాలు వెనుకబడలేదు. తెలంగాణ 2016 మార్చిలోనే ఆర్టీఏ ఎం-వాలెట్‌ను ప్రవేశపెట్టి, ఫోన్‌లో లైసెన్సు చూపితే చాలునంది. అదే ఏడాది కేంద్రం డిజీలాకర్‌లో లైసెన్సులు, ఆర్‌సీలు పొందే వీలు కల్పించింది. 2018 నవంబర్‌లో 139వ నిబంధనను సవరించి ఎలక్ట్రానిక్ పత్రాలకు చట్టబద్ధత ఇచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ ముద్రిత కార్డుల జారీని నిలిపి డిజిటల్ పత్రం చాలునని ప్రకటించింది.

డిజీలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలో ఉన్న పత్రానికే ఈ చెల్లుబాటు వర్తిస్తుందని మరువరాదు. కార్డును ఫొటో తీసి వాట్సాప్‌లో దాచుకుంటే అది పత్రం కాదు, బొమ్మ మాత్రమే. చాలామంది వాహనదారులు ఈ రెండింటినీ ఒకటిగానే భావించి తనిఖీలో వాదనకు దిగుతుంటారు. చలానా వచ్చిందంటూ వాట్సాప్‌లో పంపే యాప్ ఫైళ్లు మరో ఉపద్రవం. రవాణా శాఖ యాప్ పేరుతోనే వచ్చే ఈ ఫైలును ఫోన్‌లో వేసుకున్నవారి బ్యాంకు ఖాతాలు ఖాళీ అయిన ఉదంతాలు 2024 నుంచి దేశమంతటా వెలుగుచూశాయి.

క్యూఆర్ కోడ్‌పైనా అతి నమ్మకం పనికిరాదు. ఆ చదరంలో ఏముందో దానిని తయారుచేసినవారి ఇష్టం. పేరు, పుట్టిన తేదీ, ఒక సంఖ్య రాసి ఎవరైనా ఉచితంగా క్యూఆర్ తయారుచేసుకోగలరు. స్కాన్ చేయగానే వివరాలు వచ్చాయంటే అది అసలుదేనని అర్థం కాదు. అధికారిక యాప్‌తో స్కాన్ చేసి, ఆ వివరాలు ప్రభుత్వ రికార్డుతో సరిపోలినప్పుడే దానికి విలువ. తనిఖీ చేసే సిబ్బంది తమ ఫోన్‌లోని మామూలు స్కానరుతో సరిపెట్టుకుంటే రబ్బరు స్టాంపు కాలానికీ ఈ కాలానికీ తేడా ఉండదు.

చిక్కంతా రికార్డులోనే

కాగితం నుంచి ఫోన్ దాకా సాగిన ఈ ప్రయాణంలో అసలు మార్పు ఇది. మొదట్లో పత్రమే సాక్ష్యం. ఇప్పుడు పత్రం ఒక చిరునామా మాత్రమే, సాక్ష్యం ఎక్కడో సర్వరులో ఉంది. ఆ సర్వరులో పేరు లేనివారి గతి ఏమిటన్నదే నేడు జిల్లాలలో అనేకమందిని వేధిస్తున్న ప్రశ్న.

కేంద్రం సారథి పేరిట లైసెన్సులకు జాతీయ రిజిస్టరు నిర్మించినప్పటికీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకుముందే సీఎఫ్‌ఎస్‌టీ పేరుతో సొంత కంప్యూటర్ వ్యవస్థను నెలకొల్పుకుంది. ఆ రోజుల్లో అది దేశానికే ఆదర్శం. ముందు నడిచినందుకు దక్కిన ఫలితం మాత్రం విచిత్రం. మిగతా రాష్ట్రాలు కేంద్ర వేదికలో చేరుతుండగా మనవి చాలా కాలం బయటే ఉండిపోయాయి. తెలంగాణలో ఈ మార్పు 2025లో గానీ మొదలుకాలేదు. ఫలితంగా ఇక్కడ జారీ అయిన అసలైన లైసెన్సు సంఖ్యను పొరుగు రాష్ట్రంలో కొడితే వివరాలు లేవని తెర చెప్పడం, తనిఖీ అధికారి డ్రైవరును అనుమానంగా చూడడం ఏళ్లపాటు సాగాయి. నకిలీ కార్డు ఉన్నవాడూ, అసలు కార్డు ఉండి రికార్డు చేరనివాడూ ఆ తెర ముందు సమానమే.

కంప్యూటర్లకు పూర్వం చేతిరాత పుస్తకాలు పొందినవారి పరిస్థితి మరీ ఇబ్బందికరం. వాటిని సారథిలో చేర్చడానికి బ్యాక్‌లాగ్ ఎంట్రీ అనే పద్ధతి ఉంది. జారీ చేసిన కార్యాలయంలోని పాత రిజిస్టరుతో సరిచూసిన తరువాతే ఎక్కించాలి. ఆ రిజిస్టర్లు చెదలు పట్టకుండా ఉంటేనే సుమా. మరోవైపు, ఇదే బ్యాక్‌లాగ్ ద్వారం సరైన నిఘా లేనిచోట దొంగ లైసెన్సులను రికార్డులోకి ఎక్కించే దొడ్డిదారి కాగలదు. ఒకసారి సర్వరులోకి చేరిన అబద్ధానికి ఏ హోలోగ్రామూ అక్కరలేదు. అసలు కార్డే వస్తుంది.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలవారు అక్కడి లైసెన్సుపై మూలన నక్షత్రం గుర్తు చూసే ఉంటారు. 2001 సెప్టెంబర్ 11 దాడులలో పాల్గొన్నవారు వివిధ రాష్ట్రాల లైసెన్సులు, గుర్తింపు కార్డులు సంపాదించారని తేలిన తరువాత 2005లో అక్కడ రియల్ ఐడీ చట్టం వచ్చింది. ఆ నక్షత్రం చెప్పేది ముద్రణ గొప్పతనం గురించి కాదు. కార్డు ఇచ్చేముందు జనన, నివాస, వలస పత్రాలను నిర్ణీత పద్ధతిలో సరిచూశారని చెప్పడానికే అది. ఆ షరతు దేశీయ విమాన ప్రయాణాలకు వర్తించింది 2025 మే 7న. సంపన్న దేశానికే రికార్డు చక్కదిద్దుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే మనవారు తీసుకెళ్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ నేటికీ 1949 జెనీవా ఒప్పందం నాటి కాగితపు పుస్తకమే కావడం మరో విశేషం. దానికీ 2022 ఆగస్టులో క్యూఆర్ కోడ్ జతచేశారు.

ప్రమాదం జరిగినప్పుడే అసలు పరీక్ష

ఇదంతా కార్యాలయ వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2022లో దేశవ్యాప్తంగా జరిగిన 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. ప్రతి కేసులోనూ బీమా సంస్థ తొలుత అడిగేది డ్రైవరు లైసెన్సునే. అది నకిలీదని తేలితే పరిహారం మాకు సంబంధం లేదని వాదిస్తుంది.

నకిలీ లైసెన్సును ఒక అధికారి రెన్యువల్ చేసినంత మాత్రాన అది అసలుది కాజాలదని 2001లో కమల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2003లో లెహ్రూ కేసులో మాత్రం యజమానులకు ఊరటనిచ్చింది. డ్రైవరును నియమించుకునేటప్పుడు లైసెన్సు చూసి, అతడు సక్రమంగా నడపగలడని తృప్తిచెందితే చాలునని, దేశంలోని రవాణా కార్యాలయాలన్నింటా విచారించాలని యజమాని నుంచి ఆశించరాదని పేర్కొంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించే బాధ్యత బీమా సంస్థదేనని తేల్చింది. 2023 అక్టోబర్‌లోనూ అత్యున్నత న్యాయస్థానం ఇదే బాటలో నడిచింది. ఈ తీర్పుల వల్లనే ఎన్నో బాధిత కుటుంబాలకు పరిహారం అందింది. రెండు లారీలతో బతుకుతున్న చిన్న యజమానులు అప్పుల పాలు కాకుండా నిలిచారు.

అయితే ఈ ఊరటకు ఆధారం ఒక వాస్తవ పరిస్థితి. నాడు నాగాలాండ్ లైసెన్సు నిజమో కాదో తెలుసుకోవాలంటే ఉత్తరం రాసి నెలలు ఎదురుచూడాలి. నేడు సంఖ్య, పుట్టిన తేదీ కొడితే నిమిషంలో తేలుతుంది. అంత సులువైన పని కూడా యజమాని చేయలేదేమని బీమా న్యాయవాదులు ప్రశ్నించే రోజు దూరంలో లేదు. సరిచూడకపోవడం నిర్లక్ష్యమని న్యాయస్థానం ఎప్పుడైనా భావిస్తే భారం చిన్న యజమానిపైనే పడుతుంది. పోర్టల్‌లో వివరాలు చూసి ఆ తేదీతో ఒక ప్రతి దాచుకోవడం లారీ యజమానులకు ఇప్పటి నుంచే అలవాటు కావడం శ్రేయస్కరం.

సొంత వాహనాలు నడిపేవారికీ గడియారం తిరుగుతోంది. 2019 సవరణకు ముందు వీరికి లైసెన్సు ఇరవై ఏళ్లు లేదా యాభయ్యో ఏడు వచ్చేవరకు, ఏది ముందైతే అంతవరకు చెల్లేది. ఆ లెక్కన 2006లో పాతికేళ్ల ప్రాయంలో కార్డు పొందినవారి గడువు 2026లో తీరుతుంది. గడువుకు ఏడాది ముందు నుంచీ రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మునుపు గడువు దాటి ఐదేళ్లు గడిస్తేనే మళ్ళీ పరీక్ష. ఇప్పుడు ఒక్క ఏడాది దాటితే చాలు, తిరిగి ట్రాక్‌పై బండి నడిపి చూపవలసిందే. లైసెన్సు లేకుండా నడిపితే కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 500 రూపాయల నుంచి 5,000కు పెరిగింది కూడా. కనుక పాత కార్డు ఉన్నవారు ముందుగా ఆ సంఖ్య పోర్టల్‌లో కనిపిస్తున్నదో లేదో చూసుకోవాలి. కనిపించకపోతే నాడు జారీ చేసిన కార్యాలయానికే వెళ్లవలసి ఉంటుంది. తెలంగాణలో 2016 అక్టోబర్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లోనూ జిల్లాలు విడిపోయినందున ఆ కార్యాలయం ఇప్పుడు మరో జిల్లాలో ఉండవచ్చు.